సుద్దకొండల మీద తీరిక నడక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

దక్షిణ ఇంగ్లండులోని సుద్దకొండలను గురించి, వాటి మీద రెండున్నర వేల ఏళ్ల కిందట లేచిన మట్టికోటలను గురించి ఈ శీర్షికలో ఒకసారి క్లుప్తంగా రాశాను. అప్పటి నుంచి అక్కడి పిల్లల దగ్గరికి వెళ్లబోతున్న తల్లిదండ్రులూ, అక్కడే చదువుకుంటున్న విద్యార్థులూ ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. చాలా ఉత్తరాల్లో ఉన్న ప్రశ్న ఒక్కటే: మేము నడవగలమా? నడవగలరు. ఎందుకు నడవగలరో ఆ కొండల తీరులోనే ఉంది కనుక, మొదటి ఉత్తరానికి కొంచెం వివరంగా జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు రెడింగ్‌లో ఉంటారు. మే నెలలో వెళ్లి ఆరు నెలలు ఉండి వద్దామనుకుంటున్నాము. నాకు 63, మా వారికి 68. నాకు మోకాళ్ల నొప్పి ఉంది, తిరుమల మెట్లు ఎక్కడం మానేసి పదేళ్లయింది. అయినా నాలుగు గోడల మధ్య కూర్చోలేను. మాబోటి వాళ్లకు తగిన కొండ నడక ఒక్కటి చెప్పండి.
(ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: అమ్మా, మీకు అఫింగ్టన్ తెల్లగుర్రం కొండ చెబుతాను. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఉన్న ఆ కొండకు రెడింగ్ నుంచి కారులో సుమారు గంట ప్రయాణం. ఎత్తు 261 మీటర్లని ఎవరైనా చెబితే భయపడవద్దు, ఆ ఎత్తులో చాలా భాగం కారే ఎక్కుతుంది.

ముందు ఈ కొండలు ఎలా ఏర్పడ్డాయో తెలిస్తే, ఎక్కడికి వెళ్లినా మీ దారిని మీరే ఎంచుకోగలుగుతారు. డైనోసార్ల కాలం చివరి దశలో ఆ ప్రాంతమంతా వెచ్చని సముద్రం. అందులో బతికిన, కంటికి కనబడనంత చిన్న జీవుల పెంకులు అడుగున పేరుకుని, కోట్ల సంవత్సరాల్లో వందల మీటర్ల మందాన తెల్లని సుద్దరాయి అయ్యాయి. తరువాత భూమి పొరలు ఒక వైపుకు ఒరగడంతో, ఈ కొండల వరుసకు ఒక పక్క నిటారైన అంచు, రెండో పక్క మైళ్ల కొద్దీ సాగే మెత్తని వాలు వచ్చాయి. ఆయాసం తెప్పించేది ఆ నిటారు అంచు మాత్రమే. పైకి చేరిన తరువాత కొండ శిఖరం దాదాపు చదునుగా, చెరువు కట్ట మీద నడిచినట్టు ఉంటుంది. పూర్వం లోయలు అడవితో, బురదతో నిండి ఉన్న రోజుల్లో మనుషులు, మందలు ఈ శిఖరాల మీదుగానే రాకపోకలు సాగించాయని చెబుతారు. ఆ దారినే ఇప్పుడు రిడ్జ్‌వే అని పిలుస్తున్నారు. ఏవ్‌బరీ దగ్గరి ఓవర్టన్ కొండ నుంచి ఐవింగో బీకన్ వరకు 87 మైళ్లు సాగే ఈ దారిలో మీకు కావలసింది ఒక మైలున్నర మాత్రమే.

కొండ మీద నేషనల్ ట్రస్ట్ వారి కారు పార్కింగ్ ఉంది. అక్కడ దిగి, పొట్టి గడ్డి మీదుగా నెమ్మదిగా పైకి నడిస్తే ఇరవై నిమిషాల్లో, మధ్యలో రెండుసార్లు ఆగినా అరగంటలో, అఫింగ్టన్ కాసిల్ అనే కోటకు చేరతారు. ఒక మట్టికట్ట, దాని వెలుపల ఒక కందకం, లోపల సుమారు మూడు హెక్టార్ల ఖాళీ గడ్డి నేల, ఇదే కోట. కట్ట మీద చుట్టూ తిరిగి వచ్చి, దాని పక్కనే సాగే రిడ్జ్‌వే దారిలో పడమటికి మైలున్నర నడిస్తే, బీచ్ చెట్ల గుంపు నడుమ వేలాండ్స్ స్మిదీ అనే రాతి సమాధి కనబడుతుంది. దాని వయసు అయిదున్నర వేల సంవత్సరాలకు తక్కువ కాదు, అంటే కోట కట్టినవారికి కూడా అది ప్రాచీనమే. గుర్రాన్ని అక్కడ కట్టేసి, రాతి మీద ఒక నాణెం పెట్టి వెళ్లిపోతే, తిరిగి వచ్చేసరికి కనబడని కమ్మరి లాడాలు కొట్టి ఉంచుతాడని అక్కడి పల్లె కథ. వెళ్లిన దారినే తిరిగి వస్తే మొత్తం నడక సుమారు ఆరేడు కిలోమీటర్లు ఉంటుంది. మోకాలు మొరాయిస్తే సమాధి దాకా వెళ్లకుండా కోట దగ్గరే వెనక్కి తిరగవచ్చు, చూడవలసినవి కోట చుట్టూ కూడా తక్కువేమీ లేవు.

ఇక కొండకు పేరు తెచ్చిన తెల్లగుర్రం. దాదాపు 110 మీటర్ల పొడవున్న ఈ గుర్రాన్ని కొండవాలు మీద గీతలుగా కందకాలు తవ్వి, వాటిలో సుద్ద దట్టించి చేశారు. ఆ కందకాల అడుగు మట్టి చివరిసారి ఎండను ఎప్పుడు చూసిందో లెక్కగట్టే పద్ధతిలో 1990లలో పరీక్షించి, అది క్రీ.పూ. 1380కి, 550కి మధ్య కాలానిదని తేల్చారు. నన్ను ఎక్కువగా కదిలించేది దాని వయసు కంటే దాని వెనుక ఉన్న ఓర్పు. కొన్నేళ్లు వదిలేస్తే గడ్డి కమ్ముకుని గుర్రం మాయమవుతుంది. అంటే మూడు వేల ఏళ్లుగా ఏ తరమూ గడ్డి తీసి కొత్త సుద్ద నింపే పని పూర్తిగా మానలేదన్న మాట. ఒక వేసవిలో ఒక పూట నేనూ ఆ పనిలో కూర్చున్నాను. మోకాళ్ల కింద మెత్త వేసుకుని, బకెట్లో తెచ్చిన సుద్దగడ్డలను గీత మీద పోసి, సుత్తితో చితక్కొట్టి, దిమ్మిసతో గచ్చు మెత్తినట్టు నున్నగా అణచాలి. గంట తరువాత చేతులు, బట్టలు, కనుబొమ్మలు కూడా తెల్లబడ్డాయి. నా ముందు మూడడుగుల మేర మాత్రమే కొత్త తెలుపు వచ్చింది. మన ఇంటి ముందు ముగ్గుకు రోజూ జరిగే పని ఆ గుర్రానికి తరతరానికీ జరుగుతోంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో శత్రు విమానాలకు ఆనవాలు దొరకకూడదని దానిని కప్పేశారు, యుద్ధం ముగిశాక మళ్లీ బయటికి తీశారు. కొండ మీద నిలబడితే గుర్రం మొత్తం కనబడదు, మెడ వంపో కాలి గీతో మాత్రమే కనబడుతుంది. పూర్తి రూపం కావాలంటే తిరుగు ప్రయాణంలో కింద మైదానంలోని రోడ్డు మీద కారు ఆపి చూడాలి. దయచేసి గీతల మీద కాలు మాత్రం పెట్టవద్దు.

మోకాళ్ల గురించి ఒక మాట. ఇంగ్లండు పల్లె నడకల్లో పెద్దవాళ్లను ఓడించేది కొండ కాదు, కంచె. పొలానికి పొలానికి మధ్య కంచె మీదుగా ఎక్కి దిగే చెక్కమెట్లు ఉంటాయి, వాటిని స్టైల్ అంటారు. నడుము ఎత్తుకు కాలు లేపి అవతలికి వేయాలి. అయిదు మైళ్ల నడకలో అలాంటివి పది ఎదురైతే మోకాలు మర్నాడు లేవనివ్వదు. పసుపు బాణం గుర్తున్న కాలిబాటల్లో ఇవి తరచుగా వస్తాయి. నీలి బాణం గుర్తున్న దారులు గుర్రాలు కూడా వెళ్లే దారులు, గుర్రం మెట్లు ఎక్కదు కాబట్టి అక్కడ గేట్లే ఉంటాయి. అక్కడి ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే వారి ఎక్స్‌ప్లోరర్ పటంలో మామూలు కాలిబాటను చిన్న ఆకుపచ్చ గీతలతో, గుర్రాల దారిని పొడవాటి ఆకుపచ్చ గీతలతో చూపిస్తారు. మీ అమ్మాయిని పొడవాటి గీతల దారులే ఎంచుకోమనండి. నేను చెప్పిన రిడ్జ్‌వే భాగంలో ఈ బెడద లేదు.

ప్రశ్న: కిందటి ఏడాది మా అబ్బాయి ఎంతో గొప్పగా చెప్పి డార్చెస్టర్ దగ్గర మెయిడెన్ కాసిల్‌కు తీసుకువెళ్లాడు. గోల్కొండ చూసిన కళ్లకు అక్కడ ఒక్క గోడ కూడా కనబడలేదు, గడ్డి దిబ్బలు, గొర్రెలు తప్ప. దీనిని కోట అనడం న్యాయమేనా?
(ఒక పాఠకుడు, హైదరాబాదు)

జవాబు: మీ నిరుత్సాహం అర్థమవుతుంది. కాసిల్ అనే పేరు వినగానే రాతి బురుజులు మనసులో మెదులుతాయి. మీరు గోల్కొండను పక్కన పెట్టి ఓరుగల్లును గుర్తు చేసుకోండి. కాకతీయుల రాతికోటకు వెలుపల, విశాలమైన కందకంతో ఉన్న మట్టికోటను చూసి ఉంటే, మెయిడెన్ కాసిల్ మీకు పరాయిదిగా అనిపించదు. మట్టిని తవ్వితే కందకం, ఆ మట్టినే పోస్తే కట్ట. ఒక్క చెమటతో రెండు అడ్డంకులు. ఆనాడు తవ్విన కట్టలు ఇప్పటిలా పచ్చగా లేవు, అప్పుడే తవ్విన సుద్ద తెల్లగా మెరుస్తూ, పైన కర్రల దడితో, మైళ్ల దూరానికి కనబడి ఉంటాయి.

ఆ కోట క్రీ.పూ. 600 ప్రాంతంలో చిన్నదిగా మొదలై, క్రీ.పూ. 450 ప్రాంతంలో పెరిగి 19 హెక్టార్లయింది. చుట్టూ ఒకటి కాదు, వరుసగా పలు కట్టలు. ఈసారి వెళ్తే పడమటి ద్వారం దగ్గర ఆగండి. దారి తిన్నగా లోపలికి పోదు, కట్టల మధ్య పాములా వంకరలు తిరుగుతుంది. లోపలికి రాదలచిన శత్రువు ప్రతి మలుపులోనూ తన పక్కను పైనున్నవారికి అప్పగించక తప్పదు. పైనున్నవారి చేతిలో వడిసెలలు ఉండేవి. తూర్పు ద్వారం దగ్గర వడిసెల రాళ్ల గుట్ట ఒకటి బయటపడింది, అందులో 20 వేలకు పైగా గులకరాళ్లు. అవి ఆ కొండ రాళ్లు కావు, సముద్రపు ఒడ్డున చెసిల్ తీరం నుంచి ఏరి మోసుకువచ్చినవి. మన చేలల్లో మంచె మీద నిలబడి వడిసెలతో పిట్టలను తోలినవారికి, రాయి గుండ్రంగా, ఒకే బరువుతో ఉండడం ఎంత ముఖ్యమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ తవ్వకాలకు మన దేశంతో సంబంధం ఉంది. 1934 నుంచి 1937 వరకు అక్కడ తవ్వించినది మార్టిమర్ వీలర్, ఆయన భార్య టెస్సా. చదరాలుగా గీసి, పొర వెంట పొరగా తవ్వి లెక్క రాసే క్రమశిక్షణకు ఆ తవ్వకం పేరు తెచ్చింది. టెస్సా 1936లోనే మరణించారు. వీలర్ 1944లో భారత పురావస్తు శాఖకు అధిపతిగా వచ్చి, అదే పద్ధతిని పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో, తరువాత 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిలో మనవాళ్లకు నేర్పారు. బ్రహ్మగిరిలో పై పొరకు ఆయన పెట్టిన పేరు ‘ఆంధ్ర సంస్కృతి’. మెయిడెన్ కాసిల్ తూర్పు ద్వారం దగ్గర దొరికిన అస్థిపంజరాలను చూసి, క్రీ.శ. 43లో రోమన్ సైన్యం జరిపిన ఊచకోతకు అవి సాక్ష్యమని వీలర్ రాశారు. ఆ కథ దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాల్లో నిలిచింది. 2025లో బోర్న్‌మత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ ఎముకల కాలాన్ని మళ్లీ లెక్కగట్టి, ఆ మరణాలు ఒక్కరోజున జరిగినవి కావనీ, కొన్ని తరాల మీదుగా పరచుకున్నవనీ తేల్చారు. కాబట్టి అక్కడ ఎవరైనా రోమన్ ముట్టడి కథను ఉత్సాహంగా చెబితే, మర్యాదగా విని, ఈ సంగతి కూడా చెప్పండి. వెన్నులో ఇనుప మొన దిగిన అస్థిపంజరం ఒకటి డార్చెస్టర్‌లోని డార్సెట్ మ్యూజియంలో ఉంది. నా సలహా అయితే ముందు మ్యూజియం, ఆ తరువాతే కోట. కట్టల మీద చుట్టూ తీరిగ్గా తిరగడానికి గంటన్నర కేటాయించుకోండి. కట్టలు ఎక్కి దిగడం వద్దు, ఒకే కట్ట మీద చుట్టి రండి. కోటకూ మంచిది, కాళ్లకూ మంచిది.

ప్రశ్న: మా తాతగారి ఇంట్లో జొన్నలు పాతరలో పోసేవారు. పాతర మూత తీసిన వెంటనే ఎవరూ దిగకూడదని, దీపం దించి ఆరిపోకుండా ఉంటేనే దిగాలని మా నాయనమ్మ చెప్పేది. ఇంగ్లండు కొండకోటల్లోనూ ఇలాంటివి ఉండేవని మా మనవడు అంటున్నాడు. నిజమేనా?
(ఒక పాఠకుడు, కర్నూలు జిల్లా)

జవాబు: నిజమేనండీ. ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలన్నిటిలో నాకు ఎక్కువ సంతోషం కలిగించినది మీదే. హ్యాంప్‌షైర్‌లో డేన్‌బరీ అనే కొండకోట ఉంది. బారీ కన్లిఫ్ నాయకత్వంలో 1969 నుంచి 1988 దాకా, ఏటా వేసవిలో, ఇరవై ఏళ్ల పాటు అక్కడ తవ్వారు. సగానికి పైగా కోటను అంత ఓపికగా తవ్వి చూసిన చోటు మరొకటి అరుదు. సుద్దరాతిలోకి తొలిచిన గోతులు రెండు వేలకు పైగా బయటపడ్డాయి. చాలావాటికి మూతి ఇరుకు, అడుగు వెడల్పు, అచ్చం మన పాతర తీరే.

అవి గాదెలుగా నిజంగా పనికివచ్చాయా అన్న అనుమానాన్ని పీటర్ రేనాల్డ్స్ అనే పరిశోధకుడు హ్యాంప్‌షైర్‌లోనే బట్సర్ పురాతన వ్యవసాయ క్షేత్రంలో తీర్చారు. అలాంటి గోతులు తవ్వి, ధాన్యం పోసి, మూతి మట్టితో మూసి శీతకాలమంతా ఉంచి చూశారు. గోడలకు ఆనుకున్న గింజలు తేమకు కొంచెం మొలకెత్తి, లోపలి ప్రాణవాయువును వాడేసి, బొగ్గుపులుసు వాయువును విడిచిపెడతాయి. ఆ గాలిలో పురుగు బతకదు, బూజు పెరగదు, మిగిలిన ధాన్యం నిద్రపోతున్నట్టు ఉండిపోతుంది. వసంతంలో తీసి విత్తితే మొలిచింది కూడా. మీ నాయనమ్మ దీపం దించమన్నది ఆ వాయువుకు భయపడే. ఆవిడకు రసాయన సూత్రం తెలియకపోవచ్చు, దాని ఫలితం మాత్రం కచ్చితంగా తెలుసు.

పనికాలం తీరిన గోతుల అడుగున జంతువుల కళేబరాలను, కొన్నిటిలో మనుషుల ఎముకలను కూడా పద్ధతిగా అమర్చినట్టు డేన్‌బరీలో కనబడింది. ధాన్యాన్ని కాపాడిన భూమికి తిరిగి ఏదో ఒకటి సమర్పించే ఆచారంగా దానిని చాలామంది అర్థం చేసుకుంటున్నారు, నాకూ ఆ అభిప్రాయమే నచ్చుతుంది. మీ మనవడితో వెళ్లగలిగితే, డేన్‌బరీ నడక చాలా చిన్నది, కారు దిగిన చోటు నుంచి పావుగంటలో కట్టల మీద ఉంటారు. గోతులన్నీ మళ్లీ పూడ్చేశారు కాబట్టి కాళ్ల కింద గడ్డే కనబడుతుంది. వాటిలో దొరికిన వస్తువులను యాండోవర్ పట్టణంలోని మ్యూజియంలో చూడవచ్చు.

ప్రశ్న: పిల్లలు కట్టల మీద దొరికే చెకుముకి రాళ్లను ఇంటికి తెచ్చుకోవచ్చా? ఏ నెలలో వెళ్తే మంచిది? బూట్లు కొనాలా?
(ఒక పాఠకురాలు, స్విండన్)

జవాబు: రాళ్లు తేవద్దు. ఈ కోటలు చాలావరకు చట్టరక్షణలో ఉన్న కట్టడాలు. అక్కడ తవ్వకూడదు, అనుమతి లేకుండా లోహాలు వెతికే యంత్రం వాడితే 1979 చట్టం ప్రకారం నేరం. పిల్లలను కట్టల మీద నుంచి జారనివ్వవద్దు, గడ్డి ఊడిన చోట ఒక్క వానకే సుద్ద కోసుకుపోతుంది.

మే చివరి నుంచి సెప్టెంబరు వరకు మంచిది. జూన్‌లో రాత్రి తొమ్మిది దాకా వెలుగు ఉంటుంది, పొట్టి గడ్డిలో చిన్న పూలు, నీలి సీతాకోకచిలుకలు, పైన భరతపక్షి కూత. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది. ఎండినప్పుడు తివాచీలా ఉండే దారి తడిసిందంటే సబ్బు పూసిన గచ్చులా జారుతుంది. మామూలు షూస్‌తో వెళ్లి ఒక కట్ట దిగుతూ నేను జారి పడి, మణికట్టు బెణికి మూడు వారాలు కట్టుతో తిరిగాను. కనుక అడుగున లోతైన గాట్లున్న బూట్లు కొనండి, వాన పడిన మర్నాడు వాలు దారులు మానుకోండి. పైన కొట్లు ఉండవు, పులిహోర, మంచినీళ్లు వెంట తీసుకువెళ్లండి. తీసి ఉన్న గేటును తీసినట్టే, మూసి ఉన్నదాన్ని మూసినట్టే వదలండి. దూడలున్న ఆవుల మధ్య నుంచి వెళ్లకుండా చుట్టి వెళ్లండి. ఇంటికి వచ్చాక పిల్లల కాళ్లకు గోమార్లు పట్టాయేమో తప్పకుండా చూడండి, అక్కడి గోమారి కాటుతో లైమ్ అనే జబ్బు రావచ్చు.

ప్రశ్న: నేను బ్రైటన్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను. కారు లేదు, ఆదివారమే సెలవు. బస్సులో వెళ్లి చూడగల కొండకోట ఏదైనా ఉందా?
(ఒక విద్యార్థి)

జవాబు: నీకు అదృష్టం ఇంటి గుమ్మంలోనే ఉంది బాబూ. బ్రైటన్ నుంచి 77 నంబరు బస్సు డెవిల్స్ డైక్ దాకా కొండ మీదికే తీసుకువెళ్తుంది. అక్కడ దిగిన చోటే ఒక ఇనుపయుగపు కోట మట్టికట్టలు ఉన్నాయి. పక్కనే సుద్దలో ఏర్పడిన లోతైన లోయ, అడుగున ఏరు లేని లోయ. సుద్ద నీటిని పీల్చేసుకుంటుంది కాబట్టి ఇప్పుడు అందులో నీరు నిలవదు. మంచుయుగంలో నేల గడ్డకట్టినప్పుడు, లోపలికి ఇంకడానికి దారి లేక పైనే పారిన నీరు కోసిన లోయ అది. లోయ అంచున అరగంట నడిచి, కట్ట మీద కూర్చుంటే ఉత్తరాన మైళ్ల కొద్దీ పల్లెలు పరచుకుని కనబడతాయి.

మరో ఆదివారం మాత్రం పాచమ్ వైపు వెళ్లు. ఆ ఊరి పైన కొండవాలు మీద తెల్లని పాలరాతి గోపురంతో ఛత్రి అనే స్మారకం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి బ్రైటన్ ఆసుపత్రులకు చేరిన భారతీయ సైనికుల్లో మరణించిన హిందువులను, సిక్కులను ఆ చోటే దహనం చేశారు. వారు 53 మంది. 1921 ఫిబ్రవరి 1న దానిని ఆవిష్కరించారు. అక్కడికి కారు పోదు, గొర్రెల మేత నేల మీదుగా నడిచే వెళ్లాలి. దగ్గరలో హాలింగ్‌బరీ అనే మరో కొండకోట కూడా ఉంది, ఓపిక ఉంటే రెండూ ఒకే పూటలో చూడవచ్చు. ఏటా జూన్‌లో ఒక ఆదివారం ఛత్రి దగ్గర సైనికులకు నివాళి అర్పిస్తారు. మిగిలిన రోజుల్లో గాలి, గొర్రెలు తప్ప ఎవరూ ఉండరు. ఒక పువ్వు తీసుకువెళ్లు. బయలుదేరే ముందు తిరుగు బస్సు వేళ రాసి పెట్టుకో, చలికాలంలో ఆదివారం బస్సులు తక్కువ.